మిత్రకొవ్వు

"మాత్రలు ఆపమని మీకెవరు చెప్పారండీ?"

ఒంగోలు ఆసుపత్రిలో డాక్టర్ హెలెన్ ఈ మాట అడిగినప్పుడు, యలమందయ్య మంచం కాళ్ళవైపు నిలబడి కొబ్బరినీళ్ళ సీసాకు మూత బిగిస్తున్నాడు. బిగిసిన మూతనే ఇంకోసారి బిగించాడు.

మంచం మీద పడుకుని ఉన్నది ఆయన చెల్లెలి మొగుడు వీరబాబు. మొన్న పొద్దున మిరప కల్లంలో టార్పాలిన్ పట్టా మడతపెడుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. అద్దంకి దాకా ఆటోలోనూ, అక్కణ్ణుంచి ఇక్కడికి అంబులెన్సులోనూ తెచ్చారు. మూసుకుపోయిన రక్తనాళంలో స్టెంటు వేసి ఎలాగో దక్కించారు. ఇప్పుడు మనిషి తెలివిగానే ఉన్నాడు. ఉన్నాడు కాబట్టే ఏం చెబుతాడోనని యలమందయ్య భయం.

"ఎవరు చెప్తారమ్మా? నేనే ఆపేశా," అన్నాడు వీరబాబు. "వేసుకుంటే కడుపుబ్బరంగా ఉంటంది."

అని, డాక్టరమ్మ కాగితాల్లోకి తల వంచిన సందు చూసుకుని, బావకేసి కన్ను కొట్టాడు.

చిన్నప్పుడు జామకాయలు దొంగిలించి దొరికిపోయినప్పుడు కూడా ఇలాగే కన్ను కొట్టి దెబ్బలన్నీ తనే తినేవాడు. అప్పుడు యలమందయ్యకు అది సరదాగా ఉండేది. ఇప్పుడు ఆ కన్ను తిన్నగా వచ్చి గుండెలో గుచ్చుకుంది. మాత్రలు ఆపమన్నది ఆయనే మరి.

యలమందయ్య సంగతి కాస్త చెప్పుకోవాలి. అద్దంకి చుట్టుపక్కల పత్తి, మిరప వేసే ఊళ్ళలో ఆయన్ని 'పొలంబడి యలమందయ్య' అంటేనే గుర్తుపడతారు. వ్యవసాయ శాఖవాళ్ళు చేలగట్టు మీద రైతుల్ని కూర్చోబెట్టి పాఠాలు చెప్పే పొలంబడిలో ఆయన మొదటి వరస విద్యార్థి, ఆ తర్వాత గురువు. పొద్దున్నే చేలో దిగి మొక్కమొక్కా తిప్పి చూడాలి. పచ్చదోమ, పేనుబంక లాంటివి శత్రుపురుగులు. వాటిని తినే అక్షింతల పురుగులు, సాలీళ్ళు మిత్రపురుగులు. రెండు శత్రువులకు ఒక మిత్రుడి చొప్పున కనిపిస్తే, మందు కొట్టకుండా చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. మిత్రులే చూసుకుంటారు. ఇదీ సూత్రం.

ఒక ఏడు ఊరంతా డబ్బాల మీద డబ్బాలు పిచికారీ చేస్తుంటే, ఈయన ఒక్కడూ నిజంగానే చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. చివరికి అందరికంటే ఆయన పత్తే బాగా పండింది. అంతే, ఇక పట్టపగ్గాల్లేవు. దగ్గొచ్చినా, దూడకు పారుడొచ్చినా, మొగుడూ పెళ్ళాలు తగువులాడుకున్నా "శత్రువెవరు, మిత్రుడెవరు, ముందు అది తేల్చండ్రా" అనేవాడు. జనం కూడా ఆయన మాటకు విలువిచ్చారు. ఒకసారి మాట నెగ్గిన మనిషికి రెండోసారి ఆలోచించే అలవాటు తగ్గిపోతుంది.

కిందటి ఆషాఢంలో ఊరి బడిలో వైద్య శిబిరం పెట్టి అందరికీ రక్తపరీక్షలు చేశారు. ఫలితాలు ఫోన్లలోకి వచ్చాయి. ఖాదర్ వలి టీకొట్టు దగ్గర మగాళ్ళంతా చేరి, తమ ఫోన్లు తీసుకెళ్ళి యలమందయ్య చేతిలో పెట్టారు. ఎల్‌డీఎల్ అంటే చెడ్డ కొవ్వు, హెచ్‌డీఎల్ అంటే మంచి కొవ్వు అని మనవరాలు శ్రీదివ్య ముందురోజే చెప్పింది. ఆ పిల్ల చెప్పింది అంతవరకే. మిగతాదంతా ఆయన సొంత కల్పన.

"అర్థమైంది. ఇది శత్రుకొవ్వు, ఇది మిత్రకొవ్వు. మనకి తెలిసిన లెక్కే!" అని తేల్చేశాడు.

వీరబాబుకు శత్రుకొవ్వు ఎక్కువగానే ఉంది. దానికోసమే రెండేళ్ళ కిందట అద్దంకి డాక్టరు రోజుకొక మాత్ర రాశాడు. కానీ మిత్రకొవ్వు ఎనభై దాటి ఉంది! టీకొట్టు మొత్తంలో అంత అంకె ఎవరికీ రాలేదు. యలమందయ్యది అందులో సగం కూడా లేదు.

నిజం చెప్పాలంటే, అది చూసి ఆయనకు కడుపు మండింది. "ఏరా బావా! చుక్క ముట్టుకోని నాకు ముప్పై నాలుగా? రోజూ సాయంత్రం క్వార్టరు బిగించే నీకు ఎనభయ్యా? దేవుడికి కళ్ళున్నాయంట్రా?"

"ఉన్నాయి కాబట్టే మందుబాబుల్ని చల్లగా చూస్తున్నాడు," అన్నాడు వీరబాబు. టీకొట్టు గొల్లుమంది.

అప్పుడన్నాడు యలమందయ్య ఆ మాట. కుళ్ళుని దాచుకోవడానికి పెద్దరికం చూపించాలి కదా. "మిత్రకొవ్వు ఇంత దండిగా ఉంటే నీకు మాత్ర ఎందుకు బావా? మిత్రులున్న చేలో మందు కొడితే ఏమవుద్ది? మిత్రులు కూడా చస్తయ్. ఆపెయ్. నేను చెప్తన్నాగా."

వీరబాబు ఆపేశాడు. యలమందయ్య చెల్లెలు వెంకటరావమ్మకు మాత్రం అనుమానం తీరలేదు. "ఒకసారి డాక్టర్ని అడిగితే పోలా అన్నయ్యా?" అంది. "శిబిరం డాక్టర్లు ఫోన్లో పంపిన లెక్కేగా నేను చదివింది?" అని కసిరాడు యలమందయ్య. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మొగుడి తాగుడు మీద ఇరవై ఏళ్ళుగా పోట్లాడుతున్న చెల్లెలితో, "తాగితే తాగనీలేమ్మా, వాడి ఒంట్లో కాపలా గట్టిగా ఉంది," అని కూడా అన్నాడు. ఆమె ఆ రోజు నుంచి సీసాలు దాచడం మానేసింది.

యలమందయ్యకూ డాక్టరు అలాంటి మాత్రే రాశాడు. దాన్ని మాత్రం ఆయన ఆపలేదు. మిత్రకొవ్వు తక్కువ కదా! రోజూ సాయంత్రం అన్నం తిన్నాక ఇంటావిడ అరచేతిలో పెట్టే మాత్రను బుద్ధిగా మింగేవాడు.

ఇప్పుడు ఆసుపత్రి మంచం దగ్గర, సీసా చేతిలో పట్టుకుని, ఉండబట్టలేక అడిగాడు. "డాక్టరమ్మా, ఆయనకి మంచి కొవ్వు ఎనభై పైనే ఉందిగదా. అంతుంటే గుండెకి కాపలా అంటారుగా?"

డాక్టర్ హెలెన్ విసుక్కోలేదు. విసుక్కున్నా ఆయనకు హాయిగా ఉండేది. "చాలామంది అలాగే అనుకుంటారండీ. రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వును అది కొంత ఎత్తుకెళ్ళి కాలేయానికి అప్పజెబుతుంది, నిజమే. అది తక్కువ ఉంటే ప్రమాదానికి గుర్తు. అంతమాత్రాన ఎక్కువ ఉన్నవాళ్ళకి ప్రమాదం లేదని కాదు. ఎంత ఉందనేది వేరు, ఉన్నది పని చేస్తోందా అనేది వేరు. ఈ పరీక్షలో అంకె ఒక్కటే తెలుస్తుంది. ఆ అంకెను పెంచడానికి మందులు కూడా తయారుచేసి చూశారు. అంకె పెరిగింది గానీ గుండెపోట్లు తగ్గలేదు. మనం తగ్గించాల్సింది చెడ్డ కొవ్వుని. ఆయన ఆపేసిన మాత్ర చేసే పని అదే."

ఆమె వీరబాబు వైపు తిరిగింది. "రోజూ తాగుతారు కదూ? తాగుడుకి కూడా ఆ అంకె పెరుగుతుంది. దాన్ని చూసి మురిసిపోకూడదు."

యలమందయ్య బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. నల్ల తామర పురుగు వచ్చిపడ్డ ఏడాది ఆయనకు గుర్తొచ్చింది. ఆ ఏడు తన మిరపతోటలో సాలీళ్ళున్నాయి, అక్షింతల పురుగులున్నాయి. మిత్రులకేం కొదవ లేదు. అయినా పువ్వుపువ్వులోనూ పురుగు చేరి పూతంతా రాలిపోయింది. చేతులు కట్టుకుని కూర్చుని, చివరికి తోట పీకించి దున్నించాడు. మిత్రులు ఉండటం వేరు, గట్టెక్కించడం వేరు అని ఈ జిల్లాలో ఆయనకంటే బాగా తెలిసినవాడెవడు? ఆ ఓటమిని ఎవరికీ చెప్పుకోలేదు. పత్తి పండిన ఏడాదినే పదే పదే చెప్పుకున్నాడు. చెప్పీ చెప్పీ తను కూడా అదే నమ్మాడు.

లోపల్నుంచి మేనకోడలు మాధురి గొంతు వినిపించింది. ఒంగోల్లోనే టీచరు ఆ పిల్ల. తల్లిని నిలబెట్టి కడిగేస్తోంది. "ఎన్నిసార్లు చెప్పానమ్మా? పచ్చడంటే పైన వేలెడు నూనె తేలాల. వంకాయంటే నూనెలో ఈదాల. చేతులారా తెచ్చుకున్నావు."

వెంకటరావమ్మ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పని చెల్లెల్ని యలమందయ్య పుట్టి బుద్ధెరిగాక చూడటం అదే మొదటిసారి. లేచి లోపలికెళ్ళి, "అది కాదమ్మాయ్, తప్పు నాది," అంటే అయిపోయేది. లేచాడు కూడా. మెట్లు దిగి, కిందనున్న కొట్లో అరటిపళ్ళు కొనుక్కొచ్చాడు.

వీరబాబును ఇంటికి తెచ్చారు. చూడటానికొచ్చిన ఆడపడుచు కూడా వెంకటరావమ్మనే ఆడిపోసుకుంది. "మా తమ్ముడు ఉక్కుపిండం. తిండి పెట్టి చంపబోయింది" అని వీధి అరుగు మీద కూర్చుని పోయేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ చెప్పింది. వెంకటరావమ్మ గోంగూర జాడీ, చింతకాయ జాడీ ఎత్తి పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది. మొగుడికి డాక్టరమ్మ చెప్పినట్టు వండేది. తనకు మాత్రం ఉప్పూ కారం కూడా లేని ఉడకేసిన సొరకాయ ముక్కలు పెట్టుకునేది.

"నువ్వెందుకమ్మా ఆ చప్పిడి తిండి?" అన్నాడు యలమందయ్య ఒకరోజు.

"ఈ చేతుల్తోనేగా అన్నయ్యా పెట్టింది," అందామె. "ఆయనకి లేని రుచి నాకెందుకు?"

"నీ తప్పేం లేదమ్మా," అన్నాడు. అసలు మాట అనడానికి బదులు మంచినీళ్ళ చెంబు ఆమె ముందుకు జరిపాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, "నువ్వట్టానే అంటావులే. నా మీద ప్రేమ నీకు," అంది. చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

వీరబాబు దగ్గర మొర పెట్టుకున్నాడు. "దానికి చెప్పేద్దాం బావా. నాకు అన్నం సయించడం లేదు."

"చెప్పి ఏం బావుకుంటావు?" అన్నాడు వీరబాబు దిండుకు ఆనుకుని. "నాకూ ఆపాలనే ఉండేది, నువ్వు సాకిచ్చావు. పోనీలే. దానికి పుట్టిల్లంటే నువ్వొక్కడివే. అది కూడా ఎందుకు పోగొట్టడం? తప్పు నూనె మీదకి పోయింది, అట్టా పోనీ."

"నూనె మీదకి కాదురా. దాని మీదకి పోయింది."

వీరబాబు గోడవైపు తిరిగి పడుకున్నాడు. యలమందయ్య కూడా ఆ పూటకు లేచి వచ్చేశాడు. మనిషికి ధైర్యం లేనప్పుడు ఎవరో ఒకరు వద్దనడం ఎంత హాయో!

వీరబాబు మంచాన పడ్డా మిరపకాయ ఆగదు. కల్లంలో కాయ ఎండి గలగలమంటోంది. ఎర్రటి కుప్పల చుట్టూ కూలి ఆడవాళ్ళు కూర్చుని, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయల్ని ఏరి పక్కన పోస్తున్నారు. ఆ చివర వెంకటరావమ్మ కూడా ముక్కుకు కొంగు కట్టుకుని వాళ్ళతోపాటే ఏరుతోంది. యలమందయ్య పట్టాలు సర్దించడానికి వచ్చాడు. ఈ మధ్య పిలవకుండానే అన్ని పనులకీ వస్తున్నాడు.

"అన్నా, బావగారికి ఎట్టా ఉంది?" అని పలకరించింది రసూల్‌బీ. ఏటా కాయ ఏరడానికి వచ్చే మనిషి. సమాధానం కోసం ఆగకుండా తన సంతోషం తను చెప్పుకుంది. "నేను మాత్రం శుభ్రంగా ఉన్నా. అప్పట్లో నా ఫోను చూసి నాక్కూడా మిత్రకొవ్వు బాగుందన్నావుగా, ఆ రోజే మాత్రలు ఆపేశా."

యలమందయ్య కాళ్ళ కింద పట్టా కదిలినట్టయింది. గబగబా ఆమె పక్కకు వంగి గొంతు తగ్గించి, "మళ్ళీ వేసుకోమ్మా. ఇయ్యాలే డాక్టరు దగ్గరికి పో," అన్నాడు.

రసూల్‌బీకి రహస్యాలు రావు. "అదేంది? అప్పుడు ఆపమంది నువ్వేగా!" అంది కల్లమంతా వినపడేలా.

అవతల చివర తాలుకాయలు ఏరుతున్న చేతులు ఆగాయి. వెంకటరావమ్మ ముక్కుకున్న కొంగు తీసి అన్న వైపు చూసింది. అనుమానంతో చూడలేదు. ఏదో అర్థం కాలేదు, అన్నయ్య చెబుతాడు కదా అన్నట్టు చూసింది. ఇప్పటికీ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నమ్మేస్తుంది. నమ్మేస్తుందనే ఆయనకు భయం వేసింది.

"అవునమ్మా, నేనే చెప్పా," అన్నాడు యలమందయ్య. రసూల్‌బీకి కాదు, చెల్లెలికి చెప్పాడు. "బావకి మాత్రలు ఆపమంది నేనే. కడుపుబ్బరం లేదు, ఏం లేదు. నన్ను కాపాడటానికి వాడు డాక్టరమ్మ దగ్గర అబద్ధమాడాడు. మంచి కొవ్వు ఎక్కువుంది, ఏం కాదన్నా. తాగనీమని నీకు చెప్పింది కూడా నేనే. ఏమీ తెలియకుండానే చెప్పా. అందరూ నిన్ను అంటుంటే నోరు మూసుకుని విన్నా. తప్పంతా నాదే."

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు గానీ, మిరప కల్లంలో అది ఎవరూ పట్టించుకోరు, ఘాటుకే అనుకుంటారు. వెంకటరావమ్మ ఒడిలో ఉన్న కాయల్ని కుప్ప మీదకు దులిపింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండని ఎదురుచూశాడు.

"నువ్వు నీ మాత్రలు ఆపావా అన్నయ్యా?" అందామె.

అబద్ధం చెప్పే శక్తి కూడా మిగల్లేదు. "లేదమ్మా."

"ఒక్క రోజు కూడా?"

"లేదు."

ఆమె మళ్ళీ కొంగు ముక్కుకు కట్టుకుంది. తాలుకాయ ఒకటి తీసి పక్కన పడేసింది. ఇంకొకటి తీసింది. ఆయన అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. ఎవరూ వెళ్ళమనలేదు, కూర్చోమనీ అనలేదు.

ఆ రోజు నుంచి యలమందయ్య ఇల్లిల్లూ తిరిగాడు. పొలంబడికి పిలిచినట్టే పేరుపేరునా పిలిచి, "నేను చెప్పింది తప్పు. మాత్రలు ఆపినోళ్ళు డాక్టరు దగ్గరికి పోండి," అన్నాడు. కొందరు జాలిపడ్డారు. కొందరు మొహం మీదే నవ్వారు. "మరి మా చేలో పురుగుల లెక్క కూడా తప్పేనా పెద్దాయనా?" అన్నాడొకడు టీకొట్టులో. ఖాదర్ వలి వాణ్ణి కసిరాడు గానీ, యలమందయ్య తలొంచుకుని టీ తాగేశాడు. రసూల్‌బీని అద్దంకి ఆసుపత్రికి తనే తీసుకెళ్ళాడు. ఆమెకేం కాలేదని డాక్టరు చెప్పాక, ఆమె మాత్రల చీటీ పట్టుకుని తనే మందుల కొట్టుకు నడిచాడు.

చెల్లెలి ఇంట్లో పోపు వాసన మళ్ళీ మొదలైంది. వెంకటరావమ్మ కొంచెం నూనెతో, చాలినంత కారంతో తనకూ కూర వండుకుంటోంది. మాధురి ఫోన్లో తల్లికి క్షమాపణ చెప్పుకుందట. ఆడపడుచు నోరు యలమందయ్య మీదకు తిరిగింది. అంతా ఉండాల్సిన చోటికే చేరింది. అయినా, గుమ్మంలో అడుగు పెట్టగానే "అన్నం తిన్నావా అన్నయ్యా" అనే మాట మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. రోజూ సాయంత్రం తన మాత్రను చొక్కా జేబులో వేసుకుని చెల్లెలి ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. వీరబాబు మాత్ర వేసుకున్నాకే తనూ వేసుకుంటాడట. వాడు ఒక రోజు మానేస్తే తనూ మానేస్తాడట. వీరబాబుకు ఇది తమాషాగా ఉంది. "పెళ్ళిపీటల మీద నేనూ నీ చెల్లెలూ కూడా ఇంత ముచ్చటగా కూర్చోలేదు బావా," అని నవ్వేవాడు. వెంకటరావమ్మ ఒక్క గ్లాసే మంచినీళ్ళు తెచ్చి మొగుడి ముందు పెట్టి వెళ్ళిపోయేది. వీరబాబు సగం తాగి మిగతా సగం బావకిచ్చేవాడు. ఆ సగం గ్లాసే మహాప్రసాదంగా యలమందయ్య వారం గడిపాడు. చెల్లెలు చూస్తోంది, ఎప్పటికైనా కరుగుతుంది అనుకున్నాడు.

ఆ సాయంత్రం కూడా వీరబాబు గ్లాసు అందించాడు. యలమందయ్య జేబులోంచి మాత్ర తీసి, వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూసి నోట్లో వేసుకోబోయాడు. వెంకటరావమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కల్లంలో ఆ రోజు తర్వాత ఆయన కళ్ళలోకి చూడటం అదే.

"మీ బావ మాత్ర సంగతి నేను చూసుకుంటాలే అన్నయ్యా," అంది. గొంతులో కోపం లేదు. "నీది, ఇన్నాళ్ళూ ఎక్కడ వేసుకున్నావో అక్కడే వేసుకో."

యలమందయ్య గ్లాసు కింద పెట్టాడు. మాత్రను మళ్ళీ జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కుని ఇంటికి నడిచాడు.